మంటను కొలిచే కన్ను

ఇప్పపువ్వు రాలే వేసవిలో భద్రాచలం, కిన్నెరసాని అడవుల్లో ఎండుటాకు ఇట్టే అంటుకుంటుంది. పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన చిన్న నిప్పే ఒక్కోసారి కొండమీదికి పాకుతుంది. రాత్రి ఆ మంటను ఫొటో తీయడం మామూలు పని కాదు. పని తెలిసిన ఫొటోగ్రాఫర్ ముందు ఫ్లాష్ ఆపేస్తాడు. లేదంటే పొగ రేణువులు వెలుగును తిప్పికొట్టి బొమ్మను మసకబారుస్తాయి. ఐఎస్‌ఓ 3200, ఎఫ్ 1.8, షట్టర్ సెకనులో 60వ వంతు. ఆటోకు వదిలేస్తే కెమెరా చీకటిని చూసి వెలుగు పెంచుతుంది, జ్వాల సున్నంలా పాలిపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు తగ్గిస్తాడు. నేలమంట ఎత్తు తక్కువ. తనూ మోకాళ్లమీద కూర్చుంటాడు, గాలి వీపుకు తగిలే వైపునే. నాకు నచ్చేది మంట కాదు, పచ్చికొమ్మతో దాన్ని బాదే మనిషి చెంపమీది ఎర్రదనం. దాన్ని పట్టడానికి ఎన్ని ఫ్రేములు వృథా అయ్యుంటాయో!