బీ అనే అక్షరం

పరంజా మీదినుంచి పడిన కార్మికుడి ముంగాలి ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే, దోహాలోనైనా కరీంనగర్‌లోనైనా వైద్యుడు కేసుషీటు మీద రాసే పేరు ‘గస్టిలో’. ఆయన ఫిలిప్పీన్స్‌లో పుట్టి మినియాపొలిస్‌లో పనిచేసిన శస్త్రవైద్యుడు. 1976లో ఆండర్సన్‌తో కలిసి 1025 ఓపెన్ ఫ్రాక్చర్లను పరిశీలించి మూడు రకాలుగా విభజించాడు. సెంటీమీటరు లోపు శుభ్రమైన గాయం మొదటిది. అంతకు మించినా కండ పెద్దగా చెడనిది రెండవది. కండ చితికినది మూడవది. 1984లో మూడవదాన్ని మళ్ళీ విడగొట్టారు. ఎముకను అక్కడి కండతోనే కప్పగలిగితే ఏ, పైపొర ఊడి ఎముక బోసిగా మిగిలితే బీ, బాగుచేసి తీరవలసిన ధమని తెగితే సీ.

1994లో బ్రంబాక్, జోన్స్ 245 మంది శస్త్రవైద్యులకు టిబియా గాయాల వీడియోలు చూపితే, ఏకాభిప్రాయం సగటున 60 శాతమే వచ్చింది. ఈ వర్గీకరణను తప్పుపట్టేవారు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. నాకు కనిపించే లోపం వేరు. నేటి వాడుకలో బీ అంటే ‘ఫ్లాప్ కావలసినది’. అంటే గాయం పేరును చికిత్స నిర్ణయిస్తున్నది. టిబియా పై భాగాన్ని పిక్క కండతో, నడిమి భాగాన్ని దాని లోపలి సోలియస్‌తో కప్పవచ్చు. చీలమండకు దగ్గరగా ఉన్నవి స్నాయువులూ చర్మమే. అక్కడ పెద్ద గాయమైతే తరచు వేరేచోటి కండను తెచ్చి, సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కలిపి అతకాలి. ఆ పని తెలిసినవారున్న ఊళ్ళో బీ అయ్యే గాయం, లేని ఊళ్ళో ఎముక ఎండి నల్లబడేదాకా ఏగానే ఉండిపోగలదు.

అసలు ఈ అక్షరాన్ని క్యాజువాల్టీలో రాయకూడదు. ఆపరేషన్ బల్ల మీద చచ్చిన కణజాలాన్ని కోసి తీసేశాకే రాయాలి. గాయం తగిలిన గంటలోపు యాంటీబయోటిక్, 72 గంటల లోపు కప్పు అన్న బ్రిటిష్ ప్రమాణాలు అక్షరం కోసం ఆగవు. (మేము కంఠతా పట్టిన ఆరు గంటల నియమానికి మూలం 1898లో ఫ్రీడ్‌రిక్ గినీపందుల మీద చేసిన ప్రయోగం!)

2010 నాటి ఓ.టి.ఎ. వర్గీకరణ చర్మం, కండ, ధమని, మురికి, ఎముక నష్టం అనే అయిదింటినీ విడివిడిగా అడుగుతుంది. గల్ఫ్ కార్మికుడికి ఈ తేడా చిన్నది కాదు. ఎముక అతికేలోగా అతను కాలికి బయటి కడ్డీలతోనే విమానమెక్కవచ్చు. చేతిలోని డిశ్చార్జి కాగితం మీద ‘3బీ’ అని మాత్రమే ఉంటే, ఎంత ఎముక పోయిందో, ఏ ధమని మిగిలిందో, కల్చర్‌లో ఏ సూక్ష్మజీవి పెరిగిందో జగిత్యాల వైద్యుడు అతన్నే అడగవలసి వస్తుంది.