భయాన్ని పరీక్షించడమా, గమనించడమా?

తుఫాను భయం నెల్లూరు జిల్లా కావలి వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. 1989 నవంబరులో ‘గే’ తుఫాను ఈ ఊరికి దగ్గర్లోనే తీరం దాటింది. 2004 సునామీ నెల్లూరు తీరాన్నీ వదల్లేదు. అలాంటి చోట వాయుగుండం కబురు వినగానే, కావలి తీరాన తుమ్మలపెంటలో ఒకామెకు గుండె దడదడలాడితే అది జబ్బు కాదు, జాగ్రత్త. వాన వెలిసి, పడవలు మళ్లీ వేటకు వెళ్లాక కూడా ఆ దడ వదలకపోతే, ఈసీజీ బాగుందని డాక్టరు చెప్పినా ఆమె ఒంటరిగా బస్సెక్కడం మానేస్తే, అప్పుడు చికిత్స కావాలి. మందులు కాకుండా ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న చికిత్సలు రెండు: కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ), మైండ్‌ఫుల్‌నెస్. ఏదైనా ఒకటేలే అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఒకటి కావు.

సీబీటీకి పునాది 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ వేశాడు. జరిగినదాని కంటే, దానికి మనసు చెప్పుకున్న అర్థమే మనిషిని ఎక్కువ బాధిస్తుందన్నది దాని మూలసూత్రం. మైండ్‌ఫుల్‌నెస్ బౌద్ధ ధ్యానంలోంచి వచ్చింది. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్‌లో దాన్ని రోగుల కోసం శిక్షణగా మలిచాడు. తెలుగువాళ్లలో కొందరికి ఇలాంటి సాధన గోయెంకా విపశ్యన శిబిరాల ద్వారా ముందే పరిచయం.

గుండెజబ్బు లేదని తేలిన ఆ తుమ్మలపెంట ఆమెనే ఇద్దరి దగ్గరికీ పంపి చూద్దాం. ‘దడ వస్తే గుండె ఆగిపోతుంది’ అన్న నమ్మకం నూటికి ఎంత అని సీబీటీ నిపుణురాలు అడుగుతుంది. ఎనభై అంటే ఎనభై అని రాసుకుంటుంది. తర్వాత ఆమె చేత గబగబా మెట్లెక్కించి, కావాలనే దడ తెప్పిస్తుంది. చెయ్యి పట్టుకోదు, ‘ఏం కాదులే’ అనదు. కాసేపటికి దడ దానంతటదే దిగుతుంది. నమ్మకం ఇప్పుడెంత అని మళ్లీ అడుగుతుంది. వచ్చే వారం పని: తోడు లేకుండా నెల్లూరు బస్సెక్కడం. మైండ్‌ఫుల్‌నెస్ గురువు ఆమెను కూర్చోబెట్టి శ్వాస గమనించమంటాడు. దడ వస్తే రానిమ్మంటాడు. ఛాతీ బిగుసుకుంది, ‘ఏమవుతుందో’ అన్న ఆలోచన వచ్చింది అని గుర్తించి, మళ్లీ శ్వాస దగ్గరికి రమ్మంటాడు. ఆ ఆలోచన నిజమా అబద్ధమా అన్న వాదనకు దిగడు. రెండు దారులూ చీలేది సరిగ్గా ఇక్కడే.

పరిశోధనలు ఏమంటున్నాయి? 2022లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆందోళన రుగ్మతలున్న 276 మందిని రెండు జట్లు చేసి పరీక్షించారు. ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, ఆందోళనకు ఇచ్చే ఎసిటలోప్రామ్ మాత్రకు తీసిపోలేదు. అది గొప్ప కబురే. కాకపోతే ఆ పోటీ మాత్రతో, సీబీటీతో కాదు. నలుగురిలోకి వెళ్లాలంటే భయపడే 108 మందిపై 2016లో వచ్చిన మరో అధ్యయనం రెండు పద్ధతులనూ నేరుగా పోల్చింది; ఫలితాలు దాదాపు సమానం. అయినా ఎక్కువ ఏళ్లుగా, ఎక్కువ రకాల ఆందోళనల మీద రుజువైనది సీబీటీయే. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సామాజిక భయానికి ముందుగా సిఫారసు చేసేదీ దాన్నే.

లోపాలు రెంటికీ ఉన్నాయి. సీబీటీ ఇంటిపని అడుగుతుంది, రాయమంటుంది. చదువు రాని మనిషికి దాన్ని నోటిమాటగా మార్చి చెప్పగల తెలుగు నిపుణులు చిన్న ఊళ్లలో బహు అరుదు. మైండ్‌ఫుల్‌నెస్ చేతికందినట్టు కనిపిస్తుంది కానీ, తప్పుగా చేస్తే తప్పించుకునే మార్గమవుతుంది: బస్సెక్కాల్సిన మనిషి కళ్లు మూసుకుని ఇంట్లోనే కూర్చుండిపోతుంది. పెద్ద విపత్తు చూసినవాళ్లలో కొందరికి ఒంటిని గమనించడమే పాత జ్ఞాపకాలను రేపుతుంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే గురువు ఉన్నట్టు కాదు.

నా తీర్పు ఇది. భయం చెప్పే జోస్యాన్ని పరీక్షించే వీలుంటే, ఆ భయం బతుకును ఇంటికే కట్టేస్తుంటే, ముందు సీబీటీ. పరీక్షకు అందని చింతలూ ఉంటాయి. తుఫాను వేళ కాగితాలు సర్దుకుని, షెల్టరుకు దారి చూసుకుని, చేయగలిగిందంతా చేశాక కూడా, వేటకెళ్లిన భర్త పడవ తిరిగొస్తుందా అన్న ప్రశ్నకు ఆ రాత్రి ఏ రుజువూ దొరకదు. అక్కడ మైండ్‌ఫుల్‌నెస్‌దే పైచేయి. జవాబు లేని ప్రశ్నతో తెల్లారేదాకా ఉండగలగడం అది నేర్పుతుంది.

దడను నరాల బలహీనత అనుకుని ఏళ్ల తరబడి టానిక్కులు తాగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నిపుణుల దగ్గరికి వెళ్లడానికి అక్కడినుంచే దారి అడగండి.