హేలీ గ్రంథము: విలువ, కొరత

ఎడ్మండ్ హేలీ 1705లో ప్రకటించిన తోకచుక్కల గ్రంథము చిన్నదే. అందు ముఖ్యమైనది 24 తోకచుక్కల కక్ష్యల పట్టిక. తన పేరు గల తోకచుక్కను హేలీయే మొదట చూచెననుట పొరపాటు. చీనావారు దానిని క్రీ.పూ. 240లోనే నమోదు చేసిరి. 1531లో అపియన్, 1607లో కెప్లర్ చూచినదియు, 1682లో తాను చూచినదియు ఒక్కటేయని గుర్తించి, 1758లో అది మరల వచ్చునని చెప్పుటే హేలీ ఘనత.

అయితే గురు, శని గ్రహముల ఆకర్షణ వలన కలుగు ఆలస్యమును ఆ గ్రంథము పూర్తిగా లెక్కింపలేదు. ఆ కొరతను ఫ్రాన్సులో క్లెరో, లలాండ్, శ్రీమతి లెపోట్ తీర్చిరి. 1758 డిసెంబరు 25న పాలిచ్ అను జర్మను రైతు తోకచుక్కను చూచెను. హేలీ 1742లోనే మరణించెను.

విద్యార్థులకు హేలీ పేరొక్కటే నేర్పినచో, పూర్వుల పరిశీలనలు, తరువాతివారి లెక్కలు కలిసియే జోస్యమును శాస్త్రముగా మార్చినవను సంగతి మరుగున పడును.