ఏ పౌరసమాజం?

పౌరసమాజం అనే మాట ఈమధ్య మన సభల్లో తెగ వినబడుతోంది. చట్టం ఉంది, అమలు కావాలంటే పౌరసమాజం కదలాలి అంటారు. ఏ సమాజమని అడిగితే జవాబు రాదు.

1943లో పూనాలో రానడే గురించి ఉపన్యసిస్తూ బాబాసాహెబ్, హక్కులకు చట్టం కంటే సమాజపు నైతిక అంతరాత్మే రక్ష అన్న అర్థం వచ్చేలా చెప్పారు. దీన్ని పట్టుకుని, చట్టాలతో ఏమవుతుంది, మనసులు మారాలి అని బోధించేవారు తయారయ్యారు. (ఆ బోధ ఎప్పుడూ దెబ్బతిన్న వాడకే!) చుండూరును ఎరిగినవారు ఆ మాటను అలా చదవలేరు.

1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. ఆ చట్టం వెనుక కారంచేడు నెత్తురు కూడా ఉంది.

ఆ ఊళ్లో సమాజాలు రెండు. ఒకటి నిందితుల వెనక నిలబడింది. రెండోది తనవాళ్లను ఊరి నడుమ పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకుంది. కోర్టు మా ఊరికే రావాలని పట్టుబట్టింది. వచ్చింది కూడా. కూలికెళ్లే మనిషి తన ఊళ్లోనే బోనెక్కి, చూసింది చెప్పగలిగాడు. 2007 జూలై 31న ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. బాబాసాహెబ్ చెప్పిన అంతరాత్మ ఎక్కడైనా కనబడిందంటే, పదహారేళ్లు పట్టు విడవని ఆ వాడలోనే కనబడింది. దానికి నిలబడే చోటిచ్చింది మాత్రం చట్టమే.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చావులు ఏ వేళ, ఎక్కడ జరిగాయో, కొట్టినవారెవరో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. ప్రాణాలు అరచేతపట్టుకుని చేలకడ్డంపడి పరుగెత్తినవాడు గడియారం చూసుకోవాలా? కింది కోర్టు సాక్షి ముఖం చూసింది. పై కోర్టు ముందున్నవి కాగితాలు.

మన తప్పూ లేకపోలేదు. 2007 తీర్పుతో గెలిచామనుకుని, అప్పీలును వకీళ్లకు వదిలేసినవాళ్లం మనలో చాలామందిమి. 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలు, విడుదల, శిక్ష వంటి విషయాల్లో బాధితుల మాట వినాలి, విచారణ సంగతి వారికి ముందుగా తెలియజేయాలి. నిందితుడు బెయిలు అడిగిన రోజున, బాధితుల ఇంటికి నోటీసు అందిందా అని వెళ్లి అడుగుతున్న విహారాలు మనకెన్ని ఉన్నాయి?