జామ్‌ఖేడ్ గ్రంథము – మన పఠనము

12వ శతాబ్దపు బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్కచోట భుజింపజేసిన చాపకూడును కారంపూడిలో ఏటా కార్తీకమాసమున వీరారాధనలో జరుపుదురు. అదొక్క దినము. అరోలే దంపతుల ‘జామ్‌ఖేడ్’ (1994) చదువుచుండగా మాకు ఇదే జ్ఞాపకము వచ్చెను.

1970లో మహారాష్ట్రలో పరిచర్య ప్రారంభించిన ఈ క్రైస్తవ వైద్యులు, అక్షరము రాని గ్రామ స్త్రీలకు ఆరోగ్య శిక్షణ నిచ్చిరి. కులము, నీరు, స్త్రీల హీనస్థితి కూడ రోగకారణములేనని బోధించిరి. బోధతో ఆగక, బోరుబావులను దళితవాడలలో వేయించిరి. నీళ్ళకు అందరును అక్కడికే రావలసి వచ్చెను. మా దృష్టిలో శిక్షణ యనగా ఇదే. 2005లో ఆరంభమైన ఆశా పథకమునకును ఇట్టి ప్రయోగములే దారి చూపెను.

అయితే మన తరగతులలో దీనిని వైద్య విజయగాథగా మాత్రమే చెప్పుచున్నాము. మాల సంఘము, మాదిగ సంఘము వేరువేరుగా కూడుకొను పల్లెలోనుండి మనము పంపు సేవకురాలు, కులము రోగకారణమని నేర్చుకొని తిరిగివచ్చి, ఆదివారము ఏ గుడిలో కూర్చుండవలెను?