జగదల్‌పూర్‌కు నవల దారి

విశాఖలో కిరండూల్ రైలెక్కి అరకు దాటితే జగదల్‌పూర్‌లో దిగొచ్చు. భద్రాచలం వైపువాళ్లకైతే చింతూరు తర్వాత కుంట, కుంట నుంచి అంతా బస్తరే. వెళ్లినవాళ్లు చిత్రకోట జలపాతం చూస్తారు, దంతేశ్వరి అమ్మవారికి దండం పెట్టుకుంటారు, కాలం కలిసొస్తే దసరా రథం కూడా చూసి తిరుగు రైలెక్కుతారు. ఆ ఊళ్లో ఒక ఇంటి గడప కూడా తొక్కి ఉండరు.

గడప తొక్కించేది నవల. తెలుగు పాఠకులకు ఇది అనుభవమే. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు చేరిన అనువాదాలు చదివి, మంచు ముఖం ఎరగనివాళ్లు కూడా రష్యా పల్లెల్లో తిరిగొచ్చారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెచ్చాక, ఆఫ్రికాలోని జుఫూరు పొరుగూరైపోయింది. అంత దూరం వెళ్లొచ్చిన పాఠకుడికి నిజమైన పొరుగు మాత్రం పరిచయం కాలేదు.

జగదల్‌పూర్‌లో 1933లో పుట్టిన రచయిత గుల్‌షేర్ ఖాన్ శానీ. 1965లో వచ్చిన ఆయన హిందీ నవల ‘కాలా జల్’. అంటే నల్లనీళ్లు. బస్తర్ నవల అనగానే అడవి, డోలు, ఆదివాసీ నృత్యం ఉంటాయనుకుని తెరిచినవాళ్లకు ఎదురయ్యేది దిగువ మధ్యతరగతి ముస్లిం ఇల్లు. షబే బరాత్ రాత్రి మేనత్త ఇంట్లో బబ్బన్ పోయినవాళ్లకోసం ఫాతిహా చదువుతుంటాడు. ఒక్కో పేరు దగ్గరా ఒక్కో బతుకు గుర్తొస్తుంది. పోలీసు ఉద్యోగం మీద వచ్చి బస్తర్‌లోనే ఉండిపోయిన మీర్జా కరామత్ బేగ్, చిన్న వయసులోనే కన్నుమూసిన సల్లో ఆపా... అలా మూడు తరాలు, రెండు కుటుంబాలు. పారే దారి లేక మురిగిపోయే నీళ్లలాంటి జీవితాలు. ఆ ఇంట్లోంచి బయటికొచ్చాక బస్తర్ అంటే అడవి ఒక్కటే అని ఎవరూ అనలేరు. అడవి గురించీ శానీ రాశారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ జే వెంట అబూజ్‌మాడ్ వెళ్లి, ఆ అనుభవంతో ‘సాల్ వనోం కా ద్వీప్’ రాశారు. కానీ ‘కాలా జల్’లోని ఆ చీకటి ఇల్లు వేరు.

బయటి కథలు బస్తర్‌కు వచ్చిన ప్రయాణమూ ఉంది. జగదల్‌పూర్ కవి లాలా జగదల్‌పురీ ప్రేమ్‌చంద్ కథలు పన్నెండింటిని హల్బీలోకి తెచ్చారు. ఆ పుస్తకం పేరు ‘ప్రేమ్‌చంద్ చో బారా కహనీ’. ‘చో’ అంటే మన ‘యొక్క’. సంతలో గోండు రైతూ ఊరి వర్తకుడూ మాట్లాడుకునే భాష హల్బీ. అందులోకి కాశీ పక్కన లమహీలో పుట్టిన ప్రేమ్‌చంద్ కథలు వచ్చాయి. పంచతంత్రాన్ని కూడా లాలా జగదల్‌పురీయే హల్బీలోకి తెచ్చారు. చదివేవాళ్లు ఎందరని లెక్క చూసుకునేవారు చేసే పని కాదిది. తన మాటవాళ్లకూ బయటి లోకం కథలు అందాలని గట్టిగా నమ్మినవారు చేసే పని.

ఈసారి చిత్రకోటకు టికెట్ తీసుకునేటప్పుడు, హిందీ చదవడం వచ్చినవాళ్లు ‘కాలా జల్’ను సంచిలో వేసుకోండి. రైలు కొండలెక్కి అరకు చేరేలోగా బబ్బన్ మేనత్త ఇంటికి చేరుకుంటారు.