గళ్ళ పట్టికలో ముసుగు సూత్రం

పట్టిక చూపునకు శుభ్రంగా ఉండడం వేరు, అందలి లెక్క సరియైనది కావడం వేరు. కంప్యూటరుపై స్ప్రెడ్‌షీటు వాడేవారు కొందరు ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తున్నారు.

డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను అమెరికనులు రూపొందించిన విజికాల్క్ 1979లో వెలువడింది. ఒక గడిలో అంకె మార్చగానే, దానిపై ఆధారపడిన గడులన్నీ తామే మారడం దాని విశేషం. నేటి ఎక్సెల్‌లోని 'ఇఫ్' సూత్రం ఇంకొక సదుపాయం. షరతు నిజమైతే ఒక ఫలితాన్ని, కానిచో మరొక ఫలితాన్ని ఇస్తుంది. లెక్కలో దోషం వస్తే బదులు విలువను చూపే 'ఇఫ్‌ఎర్రర్' ఎక్సెల్ 2007తో వచ్చింది. అంతకుముందు ఇందుకై ఒకే సూత్రాన్ని రెండుమార్లు వ్రాయవలసి వచ్చేది. శ్రమ తగ్గిన మాట నిజమే. కాని చిక్కు కూడ ఇక్కడనే ఉన్నది.

ఒక ఉదాహరణ చూడండి. విద్యార్థులు ఐదు అల్యూమినియం ముక్కల సాంద్రతను కనుగొంటున్నారు. నాలుగింటి విలువలు వరుసగా 2.7, 2.6, 2.8, 2.7 వచ్చాయి. ఐదవ దాని ఘనపరిమాణం నమోదు కాలేదు. ఖాళీ గడితో భాగించమంటే యంత్రం దోషచిహ్నం చూపుతుంది. ఆ చిహ్నం వికారంగా ఉన్నదని 'ఇఫ్‌ఎర్రర్'తో సున్న పెట్టారనుకొందాం. అప్పుడు సగటు 10.8ని 5తో భాగించగా 2.16 అవుతుంది. నిజానికి నాలుగు కొలతల సగటు 2.7. పట్టిక అందగించింది, అల్యూమినియం మాత్రం తేలికపడింది!

సున్న ఒక కొలత; ఖాళీ అనగా కొలత లేకపోవడం. ఈ భేదాన్ని చెరిపివేయడం మొదటి లోపం. రెండవది ఇంకా పెద్దది. సున్నతో భాగహారం, సూత్రం పేరులో అక్షరదోషం, తొలగిపోయిన గడిని పేర్కొనడం—వీటికి ఎక్సెల్ వేరువేరు చిహ్నాలు చూపుతుంది. 'ఇఫ్‌ఎర్రర్' అన్నిటిపై ఒకే ముసుగు కప్పుతుంది. రోగమేదో తెలియకనే జ్వరం అణచినట్లవుతుంది.

అట్లని నియమసూత్రాలను విసర్జించనక్కరలేదు. ఘనపరిమాణపు గడి ఖాళీయైతే ఖాళీ చూపుమని, కానిచో భాగించమని 'ఇఫ్'తో వ్రాస్తే చాలును. 'ఏవరేజ్' ఆ ఖాళీని లెక్కించదు. సగటు ప్రక్కన 'కౌంట్' ఉంచితే, ఐదింటిలో నాలుగే చేరినవని చదువరికి తెలుస్తుంది. ఎదురుచూడని దోషమేదైనా ఉంటే అది బయటపడుతుంది కూడ.

ప్రయోగశాల నోటుపుస్తకంలో తప్పిన కొలతను చెరిపివేయరాదని ఉపాధ్యాయులు చెప్పుచునే ఉన్నారు. గళ్ళ పట్టికకు కూడ ఆ నియమమే వర్తించాలి.